తిండి తగ్గిస్తే ఎలుకలు ఎక్కువ కాలం బతికాయట, మరి నేను?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఎత్తు 170 సెం.మీ. షుగర్‌కు రోజూ ఉదయం గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటాను. తిండి 40 శాతం తగ్గించిన ఎలుకలు చాలాకాలం బతికాయని ఓ వీడియోలో చూసి, నెల రోజులుగా మధ్యాహ్నం ఒక్కపూటే తింటున్నాను. 67 కిలోల నుంచి 64కు వచ్చాను. పదకొండు గంటలయ్యేసరికి చెమటలు, చేతుల వణుకు. ఒళ్లు అలవాటు పడేవరకూ ఇంతేనా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: అది అలవాటు పడటం కాదు, షుగర్ పడిపోవడం అయ్యుండాలి. మీరు తిన్నారా లేదా అన్నదానితో గ్లిమిపిరైడ్‌కు పనిలేదు. క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. చెమట పట్టగానే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల పంచదార, అంటే మూడు చిన్న చెంచాలు, నీళ్లలో కలిపి తాగి 15 నిమిషాలకు మళ్లీ చూడండి. పెరగకపోతే ఇంకోసారి తాగండి. పెరిగాక భోజనం తప్పనిసరి, ఎందుకంటే మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి షుగర్ మళ్లీ పడొచ్చు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలని ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఇవాళ్టి నుంచే మూడు పూటలా తినండి. మోతాదు మార్చాలేమో రేపే మీ డాక్టర్‌ను అడగండి.

ఇక ఎలుకల సంగతి. వీడియోలో చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. 1935లోనే కార్నెల్ యూనివర్సిటీలో క్లైవ్ మెకే బృందం తిండి తగ్గించి పెంచిన తెల్ల ఎలుకల్లో ఆయుష్షు పెరగడం చూసింది. మీ వీడియోకు మూలం బహుశా 2024లో అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీ 960 ఆడ చిట్టెలుకలపై ప్రచురించిన అధ్యయనం. కావలసినంత తిన్న గుంపులో సగం 25 నెలలకే చనిపోయాయి. 20 శాతం కోత పెట్టిన గుంపులో అది 30 నెలలు, 40 శాతం కోతలో 34.

చెప్పకుండా వదిలేసింది ఇంకా ముఖ్యం. ఒకే కోతలో ఉన్న ఎలుకల్లో ఎక్కువకాలం బతికినవి బాగా చిక్కినవి కావు, బరువు నిలుపుకున్నవి. మొత్తంమీద తిండి కన్నా జన్యువుల ప్రభావమే పెద్దది. 40 శాతం కోతలో కండ కూడా తగ్గింది. 2010లో వేర్వేరు జన్యు వంశాల చిట్టెలుకలపై ఇదే 40 శాతం కోత పెడితే, ఆయుష్షు పెరిగిన వంశాల కన్నా తరిగినవే ఎక్కువ తేలాయి!

పోలిక కూడా చూడండి. ఇరవై నాలుగు గంటలూ తిండి ముందుంచుకుని, బోనులో కదలకుండా లావెక్కే ఎలుకతో పోల్చి 40 శాతం తగ్గించారు. మీరు ఆ ఎలుక కాదు. పైగా ఇలాంటి ప్రయోగాల్లో విటమిన్లు, ఖనిజాలు లోపించకుండా చూస్తారు, జబ్బులు సోకకుండా కాపాడతారు. కోతలో ఉన్న ముసలి చిట్టెలుకలకు ఫ్లూ వైరస్ ఎక్కించిన ప్రయోగంలో అవే ఎక్కువగా చనిపోయాయి.

మనుషుల్లో ‘కేలరీ’ (CALERIE) అనే పేరుతో జరిగిన రెండేళ్ల ప్రయోగంలో తిండి 25 శాతం తగ్గించమంటే, సగటున 12 శాతమే తగ్గించగలిగారు. బీపీ, కొలెస్ట్రాల్ మెరుగయ్యాయి. తుంటి, వెన్ను ఎముకల సాంద్రత మాత్రం కొంచెం తగ్గింది. వాళ్లంతా షుగర్ లేనివాళ్లు.

శారీరక శ్రమ తక్కువున్న 65 కిలోల మగవారికి జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) లెక్క రోజుకు 2110 కిలోకేలరీలు. 40 శాతం కోస్తే 1270 కూడా మిగలవు. మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే కొలత) ఇప్పటికే 22. ఇంకా తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది. నడుము చుట్టుకొలత 90 సెం.మీ. దాటి ఉంటేనే, అదీ మాత్ర సర్దుబాటయ్యాక, రోజుకు 250 కిలోకేలరీలు తగ్గించండి. అంటే సుమారు రెండు టేబుల్ స్పూన్ల నూనె, లేదా ఒక కప్పు అన్నానికి కాస్త ఎక్కువ. పప్పు, గుడ్డు, పెరుగు మాత్రం తగ్గించొద్దు. మీ బరువుకు రోజూ కనీసం 53 గ్రాముల ప్రోటీన్ కావాలి, ఒక్కపూట భోజనంలో అది సరిపడా అందడం కష్టం.