అయస్కాంతాలు కొలిస్తే అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేస్తోంది. కంటికి కనిపించనంత చిన్న అయస్కాంతాల గుణాలు కొలిచే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టింది. ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేరమంటే వినడం లేదు. రెండింట్లో ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది ఏది మేలని. అసలు భయం మాత్రం, ఈ పనికి జీతం ఎవరిస్తారని. ఇస్తారండీ. పలుచని అయస్కాంత పొరల్లో 1988లో బయటపడిన జెయింట్ మ్యాగ్నెటోరెసిస్టెన్స్ (అయస్కాంత క్షేత్రం మారితే పొరల విద్యుత్ నిరోధం బాగా మారిపోయే గుణం) 1997కల్లా హార్డ్ డిస్క్‌లో డేటా చదివే హెడ్‌లలోకి వచ్చేసింది. 2007లో నోబెల్ దానికే. అయస్కాంత పొరల్లో డేటా దాచే ఎంర్యామ్ మెమరీ చిప్‌లు, రకరకాల సెన్సర్లు తయారుచేసే చోట ఇలాంటి పొరల్ని కొలిచేవాళ్లు కావాలి.

అది మీటరు చూసి అంకె రాసుకునే పని కాదు. సిలికాన్ ముక్క మీద కొన్ని నానోమీటర్ల పొర ఉంటుంది. అతి బలహీనమైన అయస్కాంతత్వాన్ని కూడా కొలిచే స్క్విడ్ మ్యాగ్నెటోమీటర్‌లో పెడితే పొర కంటే కింది సిలికాన్ సిగ్నలే ఎక్కువ రావచ్చు. దాన్ని తీసేయగా మిగిలిందే మీ అమ్మాయికి కావాల్సింది. నమూనాను స్టీలు పట్టకారుతో పట్టుకుంటే అంటుకున్న ఇనుప రేణువే కొత్త అయస్కాంతంలా కనిపించి మోసం చేస్తుంది. అందుకే ప్లాస్టిక్ పట్టకారు వాడతారు. నమూనాను యంత్రంలోకి దింపడానికి చాలా ల్యాబుల్లో వాడేది మనం కూల్‌డ్రింక్ తాగే స్ట్రా లాంటిదే!

ఇక డేటా సైన్స్. ఆరు నెలల సర్టిఫికెట్ మీద నాకు మొదట్నుంచీ నమ్మకం తక్కువ. చేతికొచ్చిన అంకెను ఎలా మలచాలో నేర్పుతారు, ఆ అంకె నిజమో కాదో ఎలా పట్టుకోవాలో నేర్పరు. మీ అమ్మాయి నేర్చుకోబోయేది సరిగ్గా అదే. హిస్టరిసిస్ లూప్‌లు (అయస్కాంత క్షేత్రం పెంచి తగ్గిస్తే నమూనా అయస్కాంతత్వం ఎలా మారిందో చూపే గ్రాఫ్‌లు) విశ్లేషించాలంటే పైథాన్ ప్రోగ్రామింగ్ ఎలాగూ వస్తుంది. పక్కింటివాళ్ల పిల్లలు చేరారని మీ అమ్మాయిని చేర్చకండి. ఫిజిక్స్‌లో ఇంత దూరం వచ్చిన పిల్లను “వినడం లేదు” అంటున్నారు, మీరు ఒక్కసారైనా ఆమె మాట విన్నారా?

కష్టం లేదని చెప్పను. నాలుగైదేళ్లు పడుతుంది, స్టైపెండ్ తక్కువ, గైడ్ సరిగా లేకపోతే నరకం. అందుకే చేరే ముందు ఆ ల్యాబ్ విద్యార్థుల్ని ఆమెనే అడగమనండి: యంత్రం మీద నెలకు ఎన్ని రోజులు దొరుకుతాయి? కొలత మీరే తీస్తారా, ఆపరేటర్ తీసిస్తాడా? ఇక్కడ పీహెచ్‌డీ పూర్తి చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? రెండో ప్రశ్నకు “ఆపరేటరే” అంటే ఇంకో ల్యాబ్ చూసుకోమనండి. మిగతా టెన్షన్ మీరు పెట్టుకోకండి.