టెక్ సందేహాలు: ఫైలుతో పాటు దాని చరిత్ర కూడా తరలాలంటే

ప్రశ్న: షేర్‌పాయింట్‌లో (సంస్థలు ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచి పంచుకునే మైక్రోసాఫ్ట్ వేదిక) ఒక డాక్యుమెంట్ లైబ్రరీలో, అంటే ఫైళ్ల భాండాగారంలో, ఏళ్లుగా దాచుకున్న ఒప్పందాల ఫైళ్లను మరో సైట్‌లోని లైబ్రరీకి మార్చవలసి వచ్చింది. కొన్నింటిని కంప్యూటర్‌లోకి దించుకుని కొత్తచోట ఎక్కించి చూస్తే పాత వర్షన్లు (ఫైలును మార్చినప్పుడల్లా నిలిచి ఉండే వెనకటి రూపాలు) ఒక్కటీ లేవు. ప్రతి ఫైలునూ నేనే తయారుచేసినట్టు కనిపిస్తోంది. విభాగం, గడువు తేదీ వంటి కాలమ్‌లు పీడీఎఫ్‌లకు ఖాళీగా ఉన్నాయి గానీ కొన్ని వర్డ్ ఫైళ్లకు మాత్రం వచ్చాయి. ఏమీ పోకుండా తరలించడం ఎలా?

జవాబు: అందుకు తగిన ఆదేశం షేర్‌పాయింట్‌లోనే ఉంది. అయితే మీ పరీక్షలో ఏం జరిగిందో ముందు తెలుసుకుంటే, ఏ దారిన వెళ్లకూడదో స్పష్టమవుతుంది. పాత వర్షన్లు, ఎవరు ఎప్పుడు మార్చారన్న వివరాలు, మీరు నింపిన కాలమ్‌లు ఫైలుకు అంటిపెట్టుకుని ఉండవు. లైబ్రరీ వెనక ఉన్న డేటాబేస్‌లో ఆ ఫైలు పేరిట నమోదై ఉంటాయి. ఫైలును దించుకున్నప్పుడు మీ చేతికి వచ్చేది చిట్టచివరి వర్షన్ ఒక్కటే. దాన్ని తిరిగి ఎక్కించినప్పుడు కొత్త లైబ్రరీ లెక్కలో అది అప్పుడే పుట్టిన ఫైలు, దాన్ని సృష్టించింది మీరు. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ ఫైళ్లకు మాత్రం షేర్‌పాయింట్ కాలమ్ విలువలను ఫైలు లోపలి ప్రాపర్టీలలో కూడా రాసిపెడుతుంది. కొత్త లైబ్రరీలో సరిపోయే కాలమ్ ఉంటే అవి మళ్లీ పైకి తేలుతాయి. పీడీఎఫ్‌కు ఆ సౌకర్యం లేదు కనుకనే మీకు ఆ తేడా కనిపించింది. దీన్ని చూసి వర్డ్ ఫైళ్లు క్షేమంగా చేరాయని అనుకోకండి, వాటి వర్షన్లు కూడా పోయినట్టే. రెండు లైబ్రరీలనూ వన్‌డ్రైవ్ ద్వారా సింక్ చేసుకుని, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఒకదాని నుంచి మరొకదానికి లాగి వదిలినా పాత వర్షన్లు వెంట రావు.

మీరు వాడవలసింది బ్రౌజర్‌లో లైబ్రరీ తెరిచి, ఫైళ్లను ఎంచుకున్నాక పైన కనిపించే 'మూవ్ టు' ఆదేశం. దాని పక్కనే ఉండే 'కాపీ టు' చివరి వర్షన్‌ను మాత్రమే తీసుకెళ్తుంది. ముందు కాపీ చేసి, అంతా బాగుందనుకున్నాక పాతవి తొలగిద్దామనే జాగ్రత్తపరులు చరిత్రను పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. 'మూవ్ టు' పని అంతా సర్వర్‌లోనే జరుగుతుంది. తరలింపు పూర్తయ్యేవరకు ఫైలు పాతచోటనే కనిపిస్తుంది, పూర్తయ్యాక పాత సైట్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది. అక్కడ 93 రోజులు ఉంటుంది కాబట్టి మీరు కోరుకునే భద్రత ఇందులోనే ఉంది.

ఆదేశం సరైనదైనా, గమ్యం సిద్ధంగా లేకపోతే ఫలితం దక్కదు. కొత్త లైబ్రరీలో వర్షనింగ్ ఆన్‌లో ఉండాలి, ఎన్ని వర్షన్లు ఉంచాలన్న పరిమితి పాత లైబ్రరీ కంటే తక్కువగా ఉండకూడదు. పాత లైబ్రరీలోని కాలమ్‌లన్నీ, అవే రకాలతో, ముందుగానే సృష్టించి ఉంచాలి, ఎందుకంటే గమ్యంలో చోటు లేని విలువ దారిలోనే రాలిపోతుంది. కంటెంట్ టైప్‌లు (ఒక రకం ఫైళ్లకు కలిపి పెట్టుకునే కాలమ్‌ల, సెట్టింగ్‌ల మూస) వాడుతుంటే వాటినీ ముందే చేర్చాలి. లుకప్ కాలమ్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం: అవి తమ సైట్‌లోని ఒక జాబితాను చూపుతాయి గనుక వేరే సైట్‌కు వెళ్లాక వాటి విలువలు నిలవవు. అటువంటి విలువలను తరలింపుకు ముందే ఒక మామూలు టెక్స్ట్ కాలమ్‌లోకి నకలు చేసి ఉంచుకోవడం మేలు. ఎవరైనా చెకౌట్ చేసి (ఇతరులు మార్చకుండా తమ పేరిట పట్టి ఉంచి) వదిలేసిన ఫైళ్లుంటే చెకిన్ చేయించండి, అంటే విడిపించండి.

ఒక సైట్ నుంచి మరో సైట్‌కు ఒకసారికి 100 జీబీ, 30,000 ఫైళ్లు మించకూడదు, ఏ ఒక్క ఫైలూ 15 జీబీకి చేరకూడదు. ఫోల్డర్ల పేర్లు, ఫైలు పేరు కలిపి ఫైలు మార్గం 400 అక్షరాలు దాటకూడదన్న నియమం కూడా ఉంది, పొడవాటి ఫోల్డర్ పేర్లున్నచోట ఇది అడ్డుపడుతుంది. ప్రతి వర్షన్ తన పూర్తి పరిమాణంతో స్టోరేజీ లెక్కలోకి వస్తుంది, కాబట్టి కొత్త సైట్‌లో ఖాళీ ఎంతుందో ముందే చూసుకోవాలి.

పాత ఫైలుకు ప్రత్యేకంగా ఇచ్చిన అనుమతులు వెంట రావు, కొత్త లైబ్రరీ అనుమతులే వర్తిస్తాయి. ఒప్పందాల ఫైళ్లు అంటున్నారు కాబట్టి, అక్కడ ఎవరెవరు చూడగలరో తేల్చుకోకుండా తరలించవద్దని గట్టిగా చెప్పదలచుకున్నాను. ఎక్కువ వర్షన్లున్న ఒక పీడీఎఫ్‌ను, ఒక వర్డ్ ఫైలును ముందు పంపి, వర్షన్ హిస్టరీని, 'క్రియేటెడ్ బై' కాలమ్‌ను, మీ సొంత కాలమ్‌లను పాతవాటితో పోల్చి చూశాకే మిగతావాటిని కదిలించండి.

ప్రశ్న: 'మూవ్ టు'తోనే తరలించాను. రెండు లైబ్రరీల్లోనూ 'క్లయింట్ పేరు' అనే కాలమ్ ఉంది. అయినా అది ఖాళీగానే వచ్చింది. ఎందుకు?

జవాబు: మన కంటికి కనిపించే పేరు, షేర్‌పాయింట్ లోపల వాడే పేరు ఒకటి కావు. కాలమ్‌ను మొదటిసారి సృష్టించినప్పుడు పెట్టిన పేరు నుంచే లోపలి పేరు ఏర్పడుతుంది, ఆ తర్వాత మీరు ఎన్నిసార్లు పేరు మార్చినా అది మారదు. విలువలు జతపడేది ఆ లోపలి పేరును బట్టే. లైబ్రరీ సెట్టింగ్స్‌లో ఆ కాలమ్‌పై నొక్కి, బ్రౌజర్ చిరునామా చివర 'ఫీల్డ్' అన్న మాట తర్వాత ఏముందో రెండుచోట్లా చూడండి. రెండూ వేరుగా ఉంటే కారణం అదే. కొత్త లైబ్రరీలో ఆ కాలమ్‌ను తీసేసి, పాతదాని లోపలి పేరుతోనే సృష్టించి, తర్వాత కనిపించే పేరు మార్చుకోండి. తరలిన ఫైలును తొలగించి, పాతదాన్ని రీసైకిల్ బిన్ నుంచి తిరిగి తెచ్చి మళ్లీ తరలిస్తే విలువలు చేరతాయి. తెలుగులో కాలమ్ పేర్లు పెట్టుకునేవారు మొదట ఖాళీల్లేని చిన్న ఇంగ్లీషు పేరుతో కాలమ్ సృష్టించి, ఆపైన తెలుగులోకి మార్చుకుంటే ఈ చిక్కు రాదు. చాలా లైబ్రరీలు నడిపే సంస్థలకైతే సైట్ కాలమ్‌లు (పలు లైబ్రరీలు పంచుకోగల కాలమ్‌లు), కంటెంట్ టైప్‌లు ఒక్కచోట నిర్వచించి అన్నిచోట్లా వాడుకోవడమే సరైన పద్ధతి.

ప్రశ్న: గూగుల్ డ్రైవ్‌లో నా సొంత ఫైళ్లను షేర్డ్ డ్రైవ్‌లోకి (వ్యక్తికి కాక బృందానికి చెందే నిల్వలోకి) మారిస్తే వర్షన్లు పోతాయా?

జవాబు: 'మూవ్' చేస్తే పోవు. ఫైలు గుర్తింపు సంఖ్య మారదు, అందువల్ల పాత లింకు కూడా పనిచేస్తుంది; యాజమాన్యం మాత్రం షేర్డ్ డ్రైవ్‌కు చేరుతుంది. నకలు తీస్తే మాత్రం చరిత్ర లేని కొత్త ఫైలు వస్తుంది. తరలింపుతో సంబంధం లేని మరో సంగతి గమనించండి: పీడీఎఫ్, వర్డ్ వంటి ఫైళ్ల పాత వర్షన్లను డ్రైవ్ 30 రోజుల తర్వాత గానీ, 100 వర్షన్లు దాటాక గానీ తొలగించవచ్చు. ముఖ్యమైన వర్షన్లకు 'కీప్ ఫరెవర్' ఎంపికను ముందే పెట్టుకోండి, ఒక ఫైలుకు అలా 200 వర్షన్ల వరకు నిలుపుకోవచ్చు.