అల్లుడూ, ముందు పాట వినపడనీ

అల్లుడికి ఆశీస్సులు.

కాలేజీ గ్రౌండులో మీ బ్యాండ్‌తో రాక్ షో పెడుతున్నారనీ, సౌండ్‌కి డీజే సెట్ మాట్లాడారనీ అమ్మ చెప్పింది. "ఇరవై వేల వాట్లు మావయ్యా" అని నువ్వూ గొప్పగా మెసేజ్ పెట్టావు. అడ్వాన్సు ఇవ్వకముందే ఇది చదువు.

డీజే సెట్ పని బేస్‌తో గుండెలు అదరగొట్టడం. రికార్డు పాటకి అది చాలు, అందులో గొంతు, గిటారు, డ్రమ్ముల పాళ్లు స్టూడియోలోనే కుదిరిపోయి ఉంటాయి. మీకు అవి అక్కడికక్కడ కుదరాలి. డిస్టార్షన్ పెట్టి గరగరలాడించే రెండు గిటార్లు, డ్రమ్ముల పక్కనుండే సింబల్స్ అనే లోహపు పళ్లేలు, పాడేవాడి గొంతు అన్నీ 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పాటలో మాటలు స్పష్టంగా వినపడేది అక్కడే. దాన్ని గిటారు కమ్మేస్తే ముందు వరుసవాడికి కూడా ఒక్క ముక్క అర్థం కాదు, వాల్యూం పెంచితే రొద పెరుగుతుంది. గిటారిస్టుని ఆ చోట కాస్త తగ్గించుకోమను. ఒప్పుకోడు. గిటారిస్టులు ఎక్కడైనా అంతే.

మనవైపు అన్ని మైకుల సౌండునీ కలిపి సర్దే మిక్సర్‌ని స్టేజీ పక్కన, పరదా చాటున పెట్టేస్తారు, కేబుల్ కలిసొస్తుందని. అక్కడ కూర్చున్నవాడికి వినపడేది స్పీకర్ల వెనక సౌండు. పట్టుబట్టి జనం మధ్యలోనే పెట్టించు. నట్టనడుమ మాత్రం రెండు వైపుల బేస్ కలిసి ఎక్కువగా వినిపిస్తుంది, అందుకని అతన్ని అప్పుడప్పుడూ లేచి పక్కలకీ వెనక్కీ వెళ్లి వినమను.

వెనక వరుసల కోసం ఇంకో జత బాక్సులు పెడతామంటే, డిలే ఇస్తారా, అంటే వాటి సౌండుని కావాలని కాస్త ఆలస్యం చేస్తారా అని అడుగు. గాలిలో శబ్దం సెకనుకి 340 మీటర్లే నడుస్తుంది. 50 మీటర్ల దూరంలోని బాక్సుకి వైరులో సౌండు వెంటనే చేరుతుంది, స్టేజీ సౌండు సెకనులో ఏడో వంతు ఆలస్యంగా వస్తుంది. డిలే లేకపోతే ప్రతి డ్రమ్ము దెబ్బా రెండుసార్లు వినాలి.

మీ గొంతు మీకు వినపడటం ఇంకో సంగతి. 1965 ఆగస్టులో బీటిల్స్ న్యూయార్క్ షియా స్టేడియంలో 55 వేల మందికి పైగా జనం ముందు వాయించారు. గొంతులు స్టేడియంలో అనౌన్స్‌మెంట్ల స్పీకర్లలోంచే వచ్చాయి. ఆ కేకల్లో వాళ్ల పాట వాళ్లకే సరిగా వినపడలేదు. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బ్యాండ్ వాళ్లు ఆరు వందల దాకా స్పీకర్లు పేర్చి, ఆ గోడని తమ వెనకే నిలబెట్టుకున్నారు. జనం విన్నదే వాళ్లూ విన్నారు. మరి ఆ సౌండు మళ్లీ మైకులో దూరి కూత పెట్టదా? ఒక్కో గాయకుడికి రెండు మైకులు, ఫేజ్ ఒకదానికొకటి తిప్పి, అంటే ఒకదాని సిగ్నల్ రెండోదానికి తలకిందులుగా ఉండేలా. పాడేది ఒకదాంట్లోనే. రెండింట్లోనూ సమానంగా దూరే స్పీకర్ సౌండు రద్దైపోయి గొంతు మిగిలేది. తెలివంటే అదీ! దాన్ని ఊరూరా మోసుకెళ్లే ఖర్చు తట్టుకోలేక ఆ ఏడాదే వదిలేశారనుకో.

మీకు మానిటర్లు, అంటే మీవైపు తిప్పి పెట్టే స్పీకర్లు, నాలుగు చాలు, ఒకటి డ్రమ్మర్‌కి. మీలో పాడేవాడు మైకు తలకాయని గుప్పిట్లో మూసేస్తున్నాడు, వీడియోలో చూశాను. వెనక నుంచి వచ్చే సౌండుని ఆ మైకు వదిలించుకునేది జాలీ కింది సందుల వల్లే. అవి మూస్తే మానిటర్ సౌండంతా లోపలికొచ్చి కీచుమంటుంది. కాడ పట్టుకోమను.

జనరేటర్‌కి ఎర్తింగ్ చూసుకోండి. రాత్రి పదింటికి లౌడ్‌స్పీకర్లు ఆపాలి, ఆరింటికే మొదలుపెట్టండి. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, నవ్వేవాళ్లని నవ్వనీ. జనం నిండాక సౌండు మారుతుంది, పై ఫ్రీక్వెన్సీలని మనుషులే కొంత మింగేస్తారు. సర్దుకోవడానికి ఓ పాట పడుతుంది, కాబట్టి మీ బెస్ట్ పాట రెండోదిగా పెట్టుకోండి.

సౌండ్ ఆయన నంబరు పంపు, నేనే మాట్లాడతాను. తేదీ ఖాయమైతే సౌండ్‌చెక్‌కి వస్తాను, గిటారిస్టుని కూడా ఆ రోజు నాకు వదిలెయ్.

మీ మావయ్య