‘తెలిసింది’ అంటే ఎవరికి తెలిసింది?

పాతికేళ్లకు పైగా ఒక దినపత్రిక డెస్కులో కూర్చుని ఊళ్ల నుంచి వచ్చే వార్తలు దిద్దాను. రిటైరయ్యాక ఈ శీర్షిక కోసం మీ ఉత్తరాలు, దిద్దకుండా, చదువుతున్నాను. ఈసారి వచ్చిన వాటిలో సగానికి పైగా రాజకీయ వార్తల గురించే. ఐదింటికి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మేమిద్దరం అన్నదమ్ములం. అన్నయ్యది ఒక పార్టీ, నాది ఇంకో పార్టీ. తెలంగాణ అప్పు 6.71 లక్షల కోట్లని అన్నయ్య అంటాడు. కాదు, 3.17 లక్షల కోట్లేనని నేనంటాను. ఇద్దరి దగ్గరా పేపరు కటింగులున్నాయి. దసరాకి మొదలైన గొడవ ఉగాదికి కూడా తెగలేదు. అబద్ధం ఎవరిదో మీరు తేల్చండి. (ఒక పాఠకుడు, కరీంనగర్)

మీ ఇద్దరి కటింగులూ నిజమైనవే. వాటికి మధ్య నాలుగు రోజులే తేడా. 2023 డిసెంబరు 20న కొత్త ప్రభుత్వం అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టింది. 24న బీఆర్‌ఎస్ ‘స్వేదపత్రం’ విడుదల చేసింది. ఆ పేరు ఎవరికి తట్టిందో గానీ వాళ్లకి దండం పెట్టాలి. డెస్కులో అలాంటి హెడ్డింగు దొరికిన రాత్రి మేం ఒక టీ ఎక్కువ తాగేవాళ్లం.

ఇప్పుడు ఒక కాగితం, పెన్ను తీసుకోండి. శ్వేతపత్రంలోని 6,71,757 కోట్లు ఒక్క కుప్ప కాదు, నాలుగు కుప్పలు. ప్రభుత్వ అప్పులకి హద్దు పెట్టే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం లెక్కలోకి వచ్చే అప్పు 3,89,673 కోట్లు. కార్పొరేషన్లు తెచ్చినవి, ప్రభుత్వం హామీ ఉన్నవి, కిస్తీలు కూడా ప్రభుత్వమే కడుతున్నవి 1,27,208 కోట్లు. హామీ ప్రభుత్వానిదే అయినా ఆ సంస్థలే కట్టుకోవాల్సినవి 95,462 కోట్లు. ఏ హామీ లేకుండా సంస్థలు సొంతంగా తెచ్చుకున్నవి 59,414 కోట్లు. కూడితే మీ అన్నయ్య అంకె వస్తుంది.

మరి మీ అంకె? అదే శ్వేతపత్రం 2014-15 నాటి అప్పు 72,658 కోట్లని చెప్పింది. మొదటి కుప్ప 3,89,673 లోంచి ఆ పాత అప్పు తీసేయండి. 3,17,015 వస్తుంది. అదీ సంగతి. మీ అన్నయ్య ‘రాష్ట్రం నెత్తిన, రాష్ట్ర సంస్థల నెత్తిన ఉన్న మొత్తం ఎంత’ అన్న ప్రశ్నకి జవాబు చెబుతున్నాడు. మీరు ‘పదేళ్లలో బడ్జెట్ లెక్క కింద కొత్తగా చేసిన అప్పు ఎంత’ అన్న ప్రశ్నకి చెబుతున్నారు. ఆ రెండు ప్రశ్నలూ ఎవరూ పైకి అనలేదు. అందుకే గొడవ ఆరు నెలలు నడిచింది.

ఇందులో నా పక్షం ఏమిటని మళ్లీ ఉత్తరం రాస్తారని తెలుసు కాబట్టి ఇప్పుడే చెబుతాను. తమ్ముడి లోనుకి నేను ష్యూరిటీ సంతకం పెట్టి, కిస్తీలూ నేనే కడుతుంటే అది నా అప్పే. లోను పుస్తకం మీద తమ్ముడి పేరుంటే ఏం? కాబట్టి రెండో కుప్పని దాచి చెప్పే లెక్కని నేను ఒప్పుకోను. అలాగే నేను సంతకమే పెట్టని నాలుగో కుప్పని కూడా నా అప్పు కిందే కూడేసి హెడ్డింగు పెడితే అదీ ఒప్పుకోను. మొదటి రెండూ కలిపితే 5,16,881 కోట్లు. నన్నడిగితే కచ్చితంగా అప్పు అనాల్సింది అంత. మూడోది మాత్రం తేలిగ్గా తేలదు. ఆ సంస్థలకి నిజంగా ఆదాయం ఉందా, రేపు కట్టలేక ప్రభుత్వం తలుపు తడతాయా అన్నది ఒక్కో సంస్థ పద్దు తీసి చూడాల్సిందే. అన్నదమ్ములిద్దరూ దాని మీద పోట్లాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. అది పనికొచ్చే గొడవ.

ప్రశ్న: మా మామగారు పొద్దున్నే పేపరు పైకి చదువుతారు. ‘తెలిసింది’ అని ఉంటే ఆయన లెక్కలో అది జరిగిపోయినట్టే. మధ్యాహ్నానికి వీధంతా చెప్పేస్తారు. ఆ మాటకి అసలు అర్థం ఏమిటండీ? (ఒక పాఠకురాలు, తెనాలి)

అమ్మా, ఆ మాట కొన్ని వేలసార్లు రాసిన చేయి ఇది. ‘తెలిసింది’ అంటే మాకు ఒకరు చెప్పారు, కానీ పేరు వేయొద్దన్నారు అని. ‘సమాచారం’ అంటే చెప్పినవాడికి ఇంకెవరో చెప్పారు. ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అంటే చాలాసార్లు ఆ వర్గం ఒక్క మనిషే, అతనికి ఆ వార్త రావడం వల్ల లాభం ఉంది. ‘ప్రచారం జరుగుతోంది’ అని ఉంటే జాగ్రత్త, ఆ ప్రచారం చేస్తున్నది ఆ పేపరే కావచ్చు. ‘రాజకీయ వర్గాల్లో జోరుగా చర్చ’ అంటే, ఎక్కువసార్లు, మా డెస్కులో టీ తాగుతూ మేం అనుకున్న మాట.

తెలుగు వాక్యంలో బరువంతా చివరి మాట మీద ఉంటుంది. హెడ్డింగు చదివేవాళ్లకి అక్కడిదాకా వెళ్లే ఓపిక ఉండదు. ఒకే ప్రెస్‌మీట్‌లో ఒక నాయకుడు ఒక మాట అన్నాడనుకోండి. మనకి నచ్చినవాడైతే ‘స్పష్టం చేశారు’, ‘వెల్లడించారు’, ‘ఎండగట్టారు’ అని రాస్తాం. నచ్చనివాడైతే ‘ఆరోపించారు’, ‘బుకాయించారు’, ‘అక్కసు వెళ్లగక్కారు’. ‘వెల్లడించారు’ అనగానే ఆ మాట నిజమని మేం సర్టిఫికెట్ ఇచ్చేసినట్టే కదా. ‘ఎండగట్టారు’ అంటే ఎదుటివాడి తప్పు రుజువైపోయింది. ఒక్క రుజువు లేకుండా, ఒక్క క్రియతో. మీ మామగారు చదువుతున్నప్పుడు ఆ చివరి మాట తీసేసి, దాని చోట ఒట్టి ‘అన్నారు’ పెట్టి వినండి. సగం మంట చల్లారిపోతుంది.

ఇంకొకటి, హెడ్డింగు చివర ప్రశ్నార్థకం. నేనే చేసిన పని చెబుతాను. ఒక ఎన్నికల ముందు ఒక నియోజకవర్గ నాయకుడు పార్టీ మారుతున్నాడని విలేకరి రాత్రి పదిన్నరకి వార్త పంపాడు. ఆయన ఫోన్ ఎత్తలేదు. పేజీ వెళ్లిపోవాలి. ‘జెండా మార్చేస్తారా?’ అని పెట్టి వదిలేశాను. మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. “ఆ కొక్కెం మీరు పెట్టారని నాకు తెలుసండీ. మా ఊళ్లో టీ కొట్టు దగ్గర పైకి చదివిన కుర్రాడికి కొక్కెం పలకడం రాలేదు” అన్నాడు. ఆయన పార్టీ మారలేదు. మేం సవరణ వేశాం, ఎనిమిదో పేజీలో, వాతావరణం పక్కన.

ప్రశ్న: వార్తకీ డబ్బులిచ్చి వేయించుకున్న వార్తకీ తేడా ఎలా పట్టుకోవాలి? (ఒక పాఠకుడు, అనంతపురం)

ఎన్నికల నెలలో పోటీ పేపర్లు రెండు పక్కపక్కన పెట్టండి. ఒకే అభ్యర్థి గురించి ఒకే పేరా, కామాతో సహా, రెండింట్లో కనిపిస్తే అది విలేకరి రాసింది కాదు. రాసినవాడి పేరుండదు, ఎదుటి అభ్యర్థి ఊసుండదు, ‘అపూర్వ స్పందన’, ‘బ్రహ్మరథం’ మాత్రం దండిగా ఉంటాయి. 2009 ఎన్నికల తర్వాత ప్రెస్ కౌన్సిల్ దీని మీద ఇద్దరు సభ్యుల కమిటీ వేసింది. అందులో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి. ఇప్పుడు ఎన్నికలప్పుడు ఇలాంటివి చూడటానికి జిల్లాల్లో ఎంసీఎంసీలు, అంటే మీడియా మీద కన్నేసి ఉంచే ఎన్నికల కమిటీలు, ఉంటున్నాయి. అనుమానమొస్తే కటింగు పట్టుకెళ్లి అక్కడ ఇవ్వొచ్చు.

ప్రశ్న: 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీకి 11 సీట్లే వచ్చాయి, జనం ఛీకొట్టారని నా మిత్రుడు అంటాడు. 39 శాతం ఓట్లొచ్చాయి, జనం మాతోనే ఉన్నారని నేనంటాను. ఎవరిది వితండవాదం? (ఒక పాఠకుడు, భీమవరం)

ఇద్దరిదీ కాదు, ఇద్దరిదీ అరువు తెచ్చుకున్న వాదం. 2019లో తెలుగుదేశానికి 23 సీట్లు వచ్చాయి. ఓట్లు? అవీ 39 శాతమే. అప్పుడు ‘39 శాతం మాతోనే’ అన్నవాళ్లు ఇప్పుడు 11 అంకె పట్టుకున్నారు. అప్పుడు ‘23తో సరిపెట్టుకోండి’ అన్నవాళ్లు ఇప్పుడు శాతాలు లెక్కపెడుతున్నారు. స్క్రిప్టు మారలేదు, పాత్రధారులు చోట్లు మార్చుకున్నారు.

మీ ఇద్దరికీ ఒక పందెం. 2019 జూన్‌లో మీరిద్దరూ వాట్సాప్‌లో ఏం రాసుకున్నారో వెనక్కి వెళ్లి చదవండి. పార్టీ పేరు మార్చినా మీ వాదం నిలబడితే అది వాదం. నిలబడకపోతే అది అభిమానం. అభిమానం తప్పేమీ కాదు, దానికి శాతాలు తగిలించొద్దు.

ఇంకో చిన్న మెలిక. 2024లో తెలుగుదేశం 175 చోట్లా పోటీ చేయలేదు. 144 చోట్లే నిలబడి 135 గెలిచింది. మిగతావి పొత్తులో జనసేనకి, బీజేపీకి వెళ్లాయి. కాబట్టి ఆ పార్టీ ఒక్కదాని ఓట్ల శాతాన్ని, అన్ని చోట్లా పోటీ చేసిన పార్టీ శాతంతో నేరుగా పోలిస్తే లెక్క తప్పుతుంది. ఈ మాట ఏ టీవీ చర్చలోనూ నా చెవిన పడలేదు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. గుంటూరులో ఉన్న మా నాన్నగారు రోజూ ఫ్యామిలీ గ్రూపులో వీడియోలు పెడతారు. సగం అబద్ధాలు. ఒకసారి అక్కడే లింకు పెట్టి తప్పని చూపిస్తే వారం రోజులు మాట్లాడలేదు. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు)

గ్రూపులో చూపించడమే పొరపాటమ్మా. అక్కడ మీ పెదనాన్నలు, బావగార్లు, కొత్త కోడళ్లు అందరూ ఉంటారు. నలుగురిలో కూతురి చేత తప్పు చెప్పించుకున్న మనిషి వీడియో గురించి ఆలోచించడు, పరువు గురించి ఆలోచిస్తాడు. విడిగా ఫోన్ చేయండి. “ఇది అబద్ధం నాన్నా” అనొద్దు. “ఇది ఎవరు పంపారు నాన్నా, పూర్తి వీడియో ఉందా?” అని అడగండి.

పూర్తి వీడియో అని ఎందుకంటున్నానంటే, 2018 గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మన రెండు రాష్ట్రాల్లోనూ పుకారు లేచింది. బైక్ మీద వచ్చినవాళ్లు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోయే వీడియో ఫోనుఫోనుకీ తిరిగింది. అది ఈ దేశానిదే కాదు. కరాచీలో తల్లిదండ్రుల్ని హెచ్చరించడానికి తీసిన ప్రచార చిత్రం. అసలుదాంట్లో బైక్ వాళ్లు వెనక్కి వచ్చి, పిల్లాణ్ని దించి, జాగ్రత్తగా ఉండమని రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కత్తిరించేశారు. దేశంలో చాలాచోట్ల ఏ పాపం తెలియనివాళ్లని జనం కొట్టి చంపారు. హైదరాబాద్‌లోనూ ఒక ప్రాణం పోయింది. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసుల్ని పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి ఆ పుకారుని ఆపారు. లింకులు పంపలేదు, చూశారా. మనుషుల్ని పంపారు. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఐదు చాట్లకి మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

మీ నాన్నగారికి ముందు మీరు మోసపోయిన కథ ఒకటి చెప్పండి. లేకపోతే నాది చెప్పండి. 2016 నవంబరులో నోట్ల రద్దు తర్వాత కొత్త 2,000 నోటులో చిప్పు ఉంటుందని, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా శాటిలైట్ పట్టేస్తుందని మెసేజ్ వచ్చింది. అన్నేళ్లు వార్తలు దిద్దిన నేను, రిజర్వు బ్యాంకు ఆ నోటు గురించి ఇచ్చిన ప్రకటన తెరిచి చూడకుండా, దాన్ని మూడు గ్రూపులకి పంపాను. చిప్పు సంగతి ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. ఎందుకు పంపానంటే, నల్లడబ్బు వాళ్లు దొరికిపోతారన్న ఊహ నాకు బాగుంది. అంతే.

అప్పుడు మా ఆవిడ పోపుల డబ్బాలోంచి తన 2,000 నోటు తీసి, “అయితే శాటిలైట్‌కి ఇందులో జీలకర్ర ఎంతుందో కూడా తెలుస్తుందా?” అంది. ఆ నోటు 2023లో బ్యాంకుకి తిరిగి వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పటికీ నేను ఫోన్ పట్టుకుని “ఇది చూశావా” అనగానే, స్టవ్ దగ్గర నుంచి తల తిప్పకుండానే అడుగుతుంది: “చిప్పుందా అందులో?”