కోర్సు ఫీజు తెలిసింది, జీతం లేని ఆరు నెలల మాటేమిటి?

ప్రశ్న: నా వయసు 28. ఎమ్మెస్సీ సైకాలజీ చేశాను. మూడేళ్లుగా ఆటిజం ఉన్న పిల్లలకు స్కూల్లో షాడో టీచర్‌గా పనిచేస్తున్నాను. నెలకు 24 వేలు వస్తాయి, 4 లక్షలు దాచుకున్నాను. ఆస్ట్రేలియాలో రెండేళ్ల మాస్టర్ ఆఫ్ కౌన్సెలింగ్ చేస్తే సైకాలజిస్టుగా స్థిరపడొచ్చని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. చైల్డ్‌కేర్‌లో కూడా ఉద్యోగాలున్నాయంటున్నారు. 35 లక్షల లోన్ కావాలి. రిటైరైన నాన్న ఇల్లు తాకట్టు పెడతానంటున్నారు, 9 లక్షల ఎఫ్‌డీ కూడా తీసి ఇస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. మీకు చెప్పింది నిజం కాదు. ఆస్ట్రేలియాలో సైకాలజిస్ట్ అని చెప్పుకోవాలంటే అక్కడి సైకాలజీ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. అందుకు కనీసం ఆరేళ్ల చదువు, శిక్షణ కావాలి. కౌన్సెలింగ్ డిగ్రీతో ఆ రిజిస్ట్రేషన్ రాదు. కౌన్సెలర్‌గా పనిచేయొచ్చు, అది మంచి వృత్తే. కానీ దానికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లేదు, పాక్ఫా, ఏసీఏ లాంటి వృత్తి సంఘాల సభ్యత్వమే ఆధారం. డాక్టరు రాసిచ్చే మెంటల్ హెల్త్ ప్లాన్ మీద వచ్చే పేషెంటుకు మెడికేర్, అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా, కొంత డబ్బు తిరిగి ఇస్తుంది. ఆ సదుపాయం సైకాలజిస్టులకు, గుర్తింపు పొందిన మెంటల్ హెల్త్ సోషల్ వర్కర్లకు ఉంది, కౌన్సెలర్లకు లేదు. సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుంటే మీ ఆదాయం మీద ఈ ఒక్క తేడా ఏళ్ల తరబడి కనిపిస్తుంది. 35 లక్షల అప్పు చేసి వెళ్లేవారికి నేను ఆ కోర్సు చెప్పను.

మనసు మెంటల్ హెల్త్ వైపే ఉంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్, అందులో కూడా క్వాలిఫయింగ్ అని రాసి ఉన్న రెండేళ్ల కోర్సు చూడండి. దానికి అక్కడి సోషల్ వర్కర్ల వృత్తి సంఘం ఏఏఎస్‌డబ్ల్యూ గుర్తింపు ఉండాలి. తర్వాత మైగ్రేషన్ కోసం స్కిల్ అసెస్‌మెంట్, అంటే మీ అర్హతల పరిశీలన, చేసేదీ ఆ సంస్థే. మెంటల్ హెల్త్ రంగంలో రెండేళ్ల అనుభవం వచ్చాక నేను పైన చెప్పిన మెడికేర్ గుర్తింపుకు అప్లై చేసుకోవచ్చు. పిల్లల మధ్యే ఉండాలనుకుంటే ఎర్లీ చైల్డ్‌హుడ్ టీచింగ్ చేయండి. అక్కడ అసెస్‌మెంట్ ఏసెక్వా అనే చైల్డ్‌కేర్ రంగ జాతీయ సంస్థ చేస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు నలుగురికి ఒకరు చొప్పున సిబ్బంది ఉండాలని నియమం కాబట్టి మనుషుల అవసరం ఎప్పుడూ ఉంటుంది. 2024 డిసెంబరు నుంచి ప్రభుత్వ నిధులతో ఈ రంగంలో జీతాలు 10 శాతం, ఏడాది తర్వాత మరో 5 శాతం పెరిగేలా ఏర్పాటు జరిగింది. కాకపోతే టీచర్లకు అడిగే ఇంగ్లిష్ స్కోరు అడ్మిషన్‌కు అడిగేదానికంటే సాధారణంగా ఎక్కువ. అది ఇక్కడ ఉండగానే తెచ్చుకోండి.

ఇక కన్సల్టెన్సీ కాగితంలో లేని ఖర్చు గురించి. సోషల్ వర్క్ కోర్సులో 1,000 గంటల ప్లేస్‌మెంట్ తప్పనిసరి. ప్లేస్‌మెంట్ అంటే ఇక్కడ ఉద్యోగం కాదు, కోర్సులో భాగంగా చేసే పని శిక్షణ. వారానికి 38 గంటల లెక్కన చూస్తే అది 26 వారాలు, అంటే ఆరు నెలలు. దానికి జీతం ఉండదు. ప్లేస్‌మెంట్ చేసే విద్యార్థులకు ప్రభుత్వం 2025 జూలై నుంచి ఇస్తున్న సాయం అక్కడి వాళ్లకే, మీకు రాదు. వీసా కోసం ఏడాది జీవన ఖర్చు కింద చూపించమనేది 29,710 ఆస్ట్రేలియా డాలర్లు. ఆ లెక్కన వారానికి దాదాపు 570 అవుతుంది. చదువుకునే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయొచ్చు. ప్లేస్‌మెంట్ గంటలు అందులో లెక్కకు రావు, నిజమే. కానీ రోజంతా ఆసుపత్రిలోనో స్కూల్లోనో ఉండి వచ్చాక పార్ట్‌టైమ్ ఉద్యోగానికి ఎన్ని గంటలు మిగులుతాయి? కాబట్టి ఆ ఆరు నెలల కోసం దాదాపు 15,000 డాలర్లు, అంటే 8 లక్షల రూపాయలకు పైనే, పక్కన ఉండాలి. చాలామంది పిల్లలు చేతులెత్తేసేది ఇక్కడే. కోర్సు మధ్యలో ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడగలేక, అడగకుండా ఉండలేక వాళ్లు పడే టెన్షన్ నన్ను చాలా బాధపెడుతుంది.

మీ 4 లక్షలు ఫీజుకు కట్టకండి. అది ప్లేస్‌మెంట్ నిధి. మిగతాది అక్కడ సమకూర్చుకోవచ్చు. కోర్సు సెలవుల్లో పని గంటల పరిమితి ఉండదు. 2025 జూలై నుంచి కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. 12 వారాలు ఫుల్‌టైమ్ చేస్తే, ఖర్చులు పోను పన్నుకు ముందు 4,500 డాలర్ల దాకా మిగులుతుంది. ఇంకా తగ్గినంత మేరకు, బ్యాంకు మంజూరు చేసేటప్పుడే జీవన ఖర్చుల కింద లోన్‌లో పెట్టించుకోండి.

ఇప్పుడు అప్పు. 35 లక్షలు నాలుగు విడతల్లో తీసుకుని, 10.5 శాతం వడ్డీతో, చదువు అయ్యాక ఏడాది వరకు ఏమీ కట్టకపోతే ఆ బాకీ 43 లక్షలు దాటుతుంది. పదేళ్ల ఈఎంఐ సుమారు 58 వేలు. చదువుతున్నప్పుడే వడ్డీ వరకు కట్టుకుంటూ పోతే అదే ఈఎంఐ 47 వేలకు ఆగుతుంది. పార్ట్‌టైమ్ డబ్బులో మొదటి వాటా వడ్డీకి వెళ్లాలని నేను పట్టుబట్టేది అందుకే.

బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షలు దాటితే హామీ అడుగుతాయి. కాబట్టి ఇల్లు పెట్టడం తప్పకపోవచ్చు. అయితే ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోవద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి. ఆస్పత్రి ఖర్చు వస్తే ఆయనకూ అమ్మకూ ఉన్నది అదొక్కటే. ఇల్లు, ఎఫ్‌డీ రెండూ మీ చదువు మీద పెట్టడం సరికాదు. లోన్ మొత్తానికి సరిపడా మీ పేరు మీద టర్మ్ పాలసీ తీసుకోండి. మీ వయసులో ప్రీమియం తక్కువే. మీకేమన్నా అయితే అప్పు తీర్చడానికి ఇల్లు అమ్ముకునే పరిస్థితి వాళ్లకు రాకూడదు.

బ్యాంకు లోన్ నుంచి పంపే ఫీజు మీద టీసీఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడు ముందే వసూలు చేసే పన్ను, పడదు. సొంత డబ్బు ఏడాదిలో 10 లక్షలు దాటితేనే పడుతుంది. నాన్నగారు సహ రుణగ్రహీతగా వడ్డీ కడుతూ పాత పన్ను విధానంలో ఉంటే ఆ వడ్డీపై ఆదాయపు పన్ను మినహాయింపు ఎనిమిదేళ్ల వరకు దొరుకుతుంది.

ఒక సెమిస్టర్ ఆలస్యమైనా ఫరవాలేదు. చదువు తర్వాత పనిచేయడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు 2024 జూలై నుంచి 35 ఏళ్ల వయో పరిమితి ఉంది, మీరు 31కల్లా కోర్సు ముగించేస్తారు. స్టూడెంట్ వీసా ఫీజు మాత్రం 2,000 డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. అందుకని డబ్బు కట్టకముందే యూనివర్సిటీకి మీరే నేరుగా మెయిల్ పెట్టండి. కోర్సుకు ఏ సంస్థ గుర్తింపు ఉంది? విదేశీ విద్యార్థికి ప్లేస్‌మెంట్ మీరే చూపిస్తారా? ఏ నెలల్లో ఉంటుంది? వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేసేవారి నేర చరిత్ర తనిఖీ) ఎప్పటికి కావాలి? ఆ జవాబులు, బ్యాంకు ఇచ్చిన వడ్డీ రేటు చేతికి వచ్చాక మళ్లీ రాయండి. లోన్ 35 లక్షలే కావాలా, తగ్గించొచ్చా అన్నది అప్పుడు లెక్క వేద్దాం.