డాక్టర్ సలహా: కొడుకు అమెరికాలో, గుండెదడ ఇక్కడ... ముందు ఈసీజీ తీయించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నా వయసు 57. ఎనిమిదేళ్ళుగా బీపీ, రెండేళ్ళుగా షుగర్ ఉన్నాయి. మా అబ్బాయి, కోడలు, మనవరాలు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటారు. అబ్బాయి కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారట, వీసా ఎప్పుడేమవుతుందో తెలీదు. మూడు నెలల క్రితం షాపు బయట కోడల్నీ పాపనీ చూసి ఎవడో ‘మీ దేశం పొండి’ అని కేకలేసి, కారు దాకా వెంటపడ్డాడట. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. పాపని స్కూల్ నుంచి ఇంటికి తెచ్చానని కోడలు మెసేజ్ పెట్టేదాకా, అంటే రాత్రి రెండింటి దాకా మేలుకునే ఉంటున్నాను. గుండెదడ, మెట్లెక్కితే ఆయాసం, ఎడమ చెయ్యి లాగుతున్నట్టు ఉంటోంది. బీపీ మాత్ర ఒకరోజు గుర్తుంటే ఒకరోజు ఉండదు. మెడికల్ షాపు అబ్బాయి నిద్రకని అల్ప్రాజోలం మాత్ర ఇస్తే రోజూ రాత్రి వేసుకుంటున్నాను. మొదట 0.25 మిల్లీగ్రాములు, ఇప్పుడు 0.5. అబ్బాయి వీసా కోసం వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాను, ఆ రోజు ఉపవాసం. వచ్చే నెల పాలకొల్లులో మా చెల్లెలి కూతురి పెళ్ళి. పిల్లలు అక్కడ భయపడుతూ బతుకుతుంటే నేనిక్కడ పట్టుచీర కట్టుకుని నవ్వడం తప్పనిపిస్తోంది. ఒక్కోసారి నేనుండి ఏం లాభం అనిపిస్తోంది. ఇలాంటి రోజుల్లో ధైర్యంగా, సంతోషంగా ఉండటం ఎలా? నరాల బలానికి మంచి టానిక్ ఏదైనా చెప్పగలరు. (పేరు ప్రచురించవద్దు)

జవాబు: అమ్మా, మీరు సంతోషం గురించి అడిగారు. నాకు మాత్రం మీరు మధ్యలో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మెట్ల ఆయాసం, ఎడమ చెయ్యి లాగుడు చదివి భయం వేసింది. ముందు దాని సంగతి చూద్దాం.

57 ఏళ్ళ వయసు, బీపీ, షుగర్. ఈ మూడూ ఉన్న మనిషికి మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే అది టెన్షన్ వల్లేనని మీరూ అనుకోకూడదు, మెడికల్ షాపు అబ్బాయీ అనుకోకూడదు. షుగర్ ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో గుండె జబ్బు ప్రతిసారీ సినిమాల్లో చూపించినట్టు ఛాతీ పట్టుకుని పడిపోయేలా రాదు. ఆయాసంగా, నీరసంగా, చెయ్యి లాగుడుగా, గ్యాస్ పట్టినట్టుగా రావచ్చు. ఉత్తరం చూసి మీకు గుండె జబ్బు ఉందని నేను చెప్పలేను, లేదని కూడా చెప్పలేను. అందుకే ఈ జవాబు చదివిన రోజే, లేదంటే మర్నాడే, ఈసీజీ తీయించుకోండి. అది నార్మల్ వచ్చిందని ఇంటికొచ్చేయకండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగానే ఉండి, నడిచినప్పుడు మాత్రమే ఇబ్బంది పెట్టే గుండెలు చాలా ఉంటాయి. ఎకో, ట్రెడ్‌మిల్ లాంటి పరీక్షలు అవసరమో కాదో ఫిజీషియన్ మిమ్మల్ని చూసి చెబుతారు. ఈలోగా ఛాతీలో బరువు గానీ, చెయ్యి, దవడ నొప్పి గానీ చెమటలతో వస్తే, తగ్గుతుందేమోనని చూడకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. అబ్బాయి కంగారు పడతాడని తెల్లారేదాకా ఆగకండి.

దడకి ఇంకో మూడు కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. బీపీ మాత్ర పేరు రాయలేదు. అది అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటిదైతే ఒకరోజు వేసి ఒకరోజు మానడం వల్లే గుండె పరుగెత్తవచ్చు. శనివారం ఉపవాసం ఉండి గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోయి దడ, చెమట, వణుకు వస్తాయి. వాడపల్లిలో శనివారం ఆ జనంలో, ఎండలో, ఖాళీ కడుపుతో ఏడు ప్రదక్షిణలు చేసేటప్పుడు అలా పడిపోతే పక్కవాళ్ళకి కారణం కూడా తెలీదు. మొక్కు మానమనడం లేదు. ఆ రోజు మాత్ర ఎలా వేసుకోవాలో మీ డాక్టర్‌ని అడిగి, చేతిసంచిలో పంచదార ఉంచుకుని వెళ్ళండి. ఉత్తరంలో లేకపోయినా థైరాయిడ్, రక్తహీనత కూడా దడ పుట్టిస్తాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్ మూడు నెలల సగటు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించండి.

మూడో కారణం ఆ అల్ప్రాజోలం. దీని గురించి కొంచెం గట్టిగానే మాట్లాడాలి, ఎందుకంటే ఈ జిల్లాల్లో నిద్ర రాని ప్రతి అమ్మ దిండు కిందా ఈ మాత్రల రేకు కనిపిస్తోంది.

అల్ప్రాజోలం 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ జాబితాలో ఉన్న మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు ఉంచాలి. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే కొద్ది వారాల్లోనే అలవాటు పడిపోయే మందు ఇది. 0.25 నుంచి 0.5కి మీరు వెళ్ళలేదమ్మా, మందే తీసుకెళ్ళింది. రాత్రి వేసుకున్నది మర్నాడు సాయంత్రానికి ఒంట్లో తగ్గుతుంటే మళ్ళీ దడ, చిరాకు, చేతుల వణుకు మొదలవుతాయి. మనిషి అది దిగులనుకుని ఇంకో మాత్ర వేస్తుంది. పెద్ద వయసులో మతిమరుపు పెరుగుతుంది, రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలిపడతారు. ఆ మధ్య ఇలాగే పడి తుంటి ఎముక విరిగిన ఒక పెద్దావిడ నా దగ్గరకి వచ్చారు. ఇంట్లోవాళ్ళు చూపించిన మందుల డబ్బాలో మూడు కంపెనీల అల్ప్రాజోలం ఉంది, చీటీ ఒక్కటీ లేదు.

ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. నేను ఎక్కువ భయపడేది దానికే. రోజూ వేసుకుంటున్నవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే దడ రెండింతలవుతుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఎంత, ఎలా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే రాయాలి, నేను ఇక్కడ మోతాదు రాయను. కాకపోతే రేపట్నుంచి దీన్ని పెంచకండి. నిద్రకని దగ్గు మందు గానీ, ఇంకే మందు గానీ కలపకండి, ఊపిరి మందగిస్తుంది. నరాల టానిక్ అడిగారు. బి12 తక్కువుందని పరీక్షలో తేలితే ఇస్తారు. లేకపోతే ఆ డబ్బుతో కోడిగుడ్లు, పాలు, చేపలు కొనుక్కోండి.

నిద్ర సంగతి. అమెరికాలో స్కూల్ విడిచే వేళ మనకి అర్ధరాత్రి దాటుతుంది. మీరు మేలుకుని ఉంటే పాపకి అదనంగా వచ్చే రక్షణ ఏమీ లేదు, మీ బీపీ మాత్రం పెరుగుతుంది. డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నర అయితే మనకి ఉదయం ఏడు (చలికాలంలో వాళ్ళు గడియారం గంట వెనక్కి జరుపుతారు కాబట్టి ఎనిమిది). అందరూ ఇల్లు చేరి అన్నాలు తినే ఆ వేళకి ఫోన్ పెట్టుకోండి. అత్యవసరమైతే మోగేలా అబ్బాయి నంబర్ ఒక్కటీ ఉంచి, మిగతావి రాత్రి పది తర్వాత సైలెంట్‌లో పెట్టండి.

మీ భయం వట్టిదని నేను అనను. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో ఒక బార్‌లో మన తెలుగు ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపినవాడు అరిచిన మాట, మీ కోడలు విన్న మాట ఒకటే. 2023 జనవరిలో సియాటిల్‌లో మన ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల పోలీసు కారు గుద్ది చనిపోతే, ఒక అధికారి ఆ ప్రాణాన్ని తేలిక చేసి నవ్వుతూ మాట్లాడాడు. ఇవి జరిగాయి. కానీ ఆ ఒలేథా బార్‌లోనే ఇయాన్ గ్రిల్లాట్ అనే తెల్లజాతి యువకుడు దుండగుడికి అడ్డుపడి తూటా దెబ్బ తిన్నాడు. యూట్యూబ్ వీడియోలు మొదటి సగాన్నే పదే పదే తిప్పి చూపిస్తాయి. పడుకునే ముందు అవి చూడటం ఆపండి. వార్తలు పగలు ఒకసారి చూస్తే చాలు.

అక్కడ చెయ్యాల్సినవి అబ్బాయికి ఈ పేరా చదివి వినిపించండి. బెదిరింపు ఎదురైతే అక్కడి అత్యవసర నంబర్ 911కి ఫోన్ చెయ్యాలి. జరిగిన తేదీ, వేళ, చోటు, కారు నంబర్, చూసినవాళ్ళ వివరాలు ఆ రోజే రాసిపెట్టుకుని పోలీసులకి ఫిర్యాదు చెయ్యాలి. జాతి, పుట్టిన దేశం కారణంగా చేసే దాడుల మీద అమెరికాలో 2009 నాటి ఫెడరల్ చట్టం ఉంది, అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కూడా ఫిర్యాదులు తీసుకుంటుంది. టెక్సస్ వాళ్ళకి మన కాన్సులేట్ హ్యూస్టన్‌లో ఉంది. వీసా విషయం లాయర్‌తోనే మాట్లాడాలి, నేనూ మీరూ ఊహించి లాభం లేదు. మరో మాట. ముందు భయపడింది కోడలు. ఆమె నిద్రపోతోందా, పాప స్కూల్‌కి వెళ్ళనని ఏడుస్తోందా, మీరు ఎప్పుడైనా అడిగారా? తట్టుకోలేకపోతున్నామనిపిస్తే అక్కడి మానసిక సాయం నంబర్ 988కి ఫోన్ చెయ్యొచ్చు.

వివక్ష ఒంటికి చేసే హాని ఊహ కాదు. నల్లజాతి మహిళల ఆరోగ్యం వయసుకంటే ముందే అరిగిపోతోందని, ఎడతెగని అవమానాలు, లేమి దానికి కారణమని ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లోనే ప్రతిపాదించారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. కులం పేరుతో మాట పడ్డవాళ్ళు మన కోనసీమ పేటల నుంచి నా ఓపీకి ఇదే తలనొప్పితో, ఇదే దడతో వస్తారు. గల్ఫ్ ఇళ్ళల్లో పనిచేసి తిరిగొచ్చిన ఆడవాళ్ళూ అంతే. మీ కోడలికి జరిగినదానికి మీ గుండె ఎంత మండిందో, మన ఊరి పేటలో అమ్మాయికి జరిగినప్పుడూ అంతే మండాలని నా కోరిక. మీ వీధిలోనే ఇలా బాధపడుతున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళ దగ్గర కూర్చోండి. మీ భయం వాళ్ళకి చప్పున అర్థమవుతుంది.

ఇక పట్టుచీర విషయం. మీ అబ్బాయి ఉంటున్న టెక్సస్‌లోనే, గాల్వెస్టన్ ఊళ్ళో 1865 జూన్ 19న నల్లజాతి బానిసలకి విడుదల ప్రకటించారు. బానిసల విడుదలకి అధ్యక్షుడు లింకన్ ఇచ్చిన ప్రకటన వెలువడిన రెండున్నరేళ్ళకి గానీ ఆ కబురు అక్కడ అమలుకి రాలేదు. ఆ తర్వాతా వాళ్ళకి న్యాయం జరగలేదు, దాడులు ఆగలేదు. అయినా ఆ రోజుని ఏటా పాటలతో, విందులతో పండగ చేసుకున్నారు. ఆ పండగ కోసమే హ్యూస్టన్‌లో నల్లజాతి వాళ్ళు చందాలు వేసుకుని 1872లో పదెకరాల చోటు కొన్నారు. అది ఇప్పటికీ ఎమాన్సిపేషన్ పార్క్ (విముక్తి పార్కు) పేరుతో ఉంది. హ్యూస్టన్‌లో ఉన్న నా బ్యాచ్‌మేట్ ఫోన్‌లో ఈ కథ చెప్పినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. అన్నీ చక్కబడ్డాక సంతోషిద్దామని వాళ్ళు ఆగి ఉంటే కొన్ని తరాలు నవ్వకుండానే పోయేవి.

డాక్టర్‌గా చెప్పేది ఇదే. మనసు బాగుపడ్డాక పెళ్ళికి వెళ్తానంటే అది బాగుపడదు. దిగులులో ఉన్న మనిషికి ఉత్సాహం ముందు రాదు, పని మొదలుపెట్టాక వస్తుంది. మేము చేసే మానసిక చికిత్సల్లో ఒకటి అచ్చంగా ఇదే. రోజుకి ఒక పని, వేళ పెట్టుకుని. ఈసీజీ చూసి డాక్టర్ సరేనంటే పొద్దున్నే కాలవగట్టు మీద అరగంట నడక. మానేసిన పూల మొక్కల దగ్గర కాసేపు. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వాళ్ళతో కలిసి భోజనం. పెళ్ళికి చించినాడ వంతెన దాటితే పాలకొల్లే కదా, ముందురోజే వెళ్ళి చెల్లెలికి పనుల్లో సాయం చెయ్యండి. వీడియో కాల్‌లో పాపకి పెళ్ళికూతుర్ని చూపించండి. బామ్మ ఏడుపు ముఖం చూసి పాప భయపడుతోంది, నవ్వు ముఖం కూడా చూడనివ్వండి. ఇలా చేస్తే ఖాయంగా తగ్గిపోతుందని హామీ ఇవ్వను. రెండు వారాలైనా దిగులు తగ్గక, ఆకలి లేక, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు, దానికి అలవాటు పడని మందులున్నాయి.

‘నేనుండి ఏం లాభం’ అని రాశారు. ఎంతోమంది ఊరికే అనే మాటే, అయినా నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. ఆ ఆలోచన మళ్ళీ వస్తే, చనిపోవాలనిపిస్తే, ఆ క్షణమే ఇంట్లో ఎవరికైనా చెప్పండి. లేదా 14416, టెలీ మానస్‌కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వ సేవ, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. డాక్టర్‌కి కూడా ఈ మాట దాచకుండా చెప్పాలి.

బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారు, ఇక్కడితో ముగిస్తాను. ఆసుపత్రికి ఒక్కరే వెళ్ళకండి, ఇంట్లో ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి. వాడుతున్న మాత్రల రేకులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్‌లో వేసుకెళ్ళండి. అల్ప్రాజోలం రేకు మాత్రం మర్చిపోకండి, సిగ్గుపడి ఇంట్లో వదిలేసి వచ్చేవాళ్ళే ఎక్కువ.