నాన్న వాడిన వీల్‌చెయిర్‌కు ధర ఎలా కట్టాలి?

ప్రశ్న: నాన్నగారు వాడిన ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్ ఆయన పోయాక ఎనిమిది నెలలుగా ఇంట్లో అలాగే ఉంది. కొని మూడేళ్లయింది. దూరాన ఉండే, నడవలేని ఒకాయన కొంటానంటున్నారు. సగం ఇప్పుడు, మిగతాది నెలనెలా ఇస్తానన్నారు. ధర ఎంత చెప్పాలి? రవాణా ఖర్చు ఎవరిది? అలాంటి మనిషిని డబ్బు గట్టిగా అడగడానికి మనసొప్పడం లేదు.

జవాబు: ధర సంగతి తర్వాత. ముందు కుర్చీని రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచి, పొద్దున్నే మీరే కూర్చుని వీధి చివరిదాకా వెళ్లి రండి. ఇలాంటి కుర్చీల్లో చాలావాటికి 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండుంటాయి. నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా పడి ఉంటే అవి లోపల్లోపలే పాడవుతాయి. లైటు వెలుగుతుంది, కుర్చీ కదులుతుంది, కాస్త దూరం పోగానే ఆగిపోతుంది. మధ్యలో మీరు ఛార్జింగ్ పెట్టకపోయి ఉంటే, బ్యాటరీలు పోయాయనే అనుకుని లెక్క మొదలుపెట్టండి.

కొన్న రేటులోంచి ఏడాదికింత అని తగ్గించుకుంటూ వచ్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు. కొనేవారి గుమ్మం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేయండి. అలాంటి కుర్చీ, నడిచే స్థితిలో ఉన్నది, ఆయనకు దగ్గరలో దొరికే ధరను, లెక్క తేలిక కోసం, 100 అనుకుందాం. కొత్త బ్యాటరీలకు 20, ప్యాకింగ్, రవాణా, బీమాలకు 25, అక్కడ బిగించే మెకానిక్‌కు 5 పోతే మిగిలేది 50. అదే మీ ధర. దీన్ని అడగడానికి మీరు మొహమాటపడక్కర్లేదు. రవాణా ఎవరు కట్టినా లెక్క ఒకటే, కాకపోతే మీరే బుక్ చేసి ధరలో కలిపి చెప్పండి. ఆయనకు మొత్తం ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. సాయం చేయాలనుంటే ఆ 50లోంచి ఎంత తగ్గిస్తున్నారో చెప్పి తగ్గించండి. మిగిలేది 10 కూడా లేకపోతే మాత్రం, దగ్గర్లో అవసరమున్నవాళ్లకు ఇవ్వడమే మేలు.

వాయిదాలు వద్దనే అంటాను. మూడో నెలలో మోటారు ఆగిపోయి ఆయన కట్టడం మానేస్తే ఏం చేస్తారు? నడవలేని మనిషి కింద నుంచి కుర్చీ లాక్కురాలేరు, డబ్బూ అడగలేరు. ఇద్దరికీ మనసు కష్టపడుతుంది. ఆయన ఇప్పుడు ఇవ్వగలిగిన దానికే ఒప్పుకుని బేరం తేల్చేయండి, లేదా కూడబెట్టుకునేదాకా ఆగుతానని మాటివ్వండి.

ఇంకో మాట. అది నాన్నగారి ఆస్తి. తోబుట్టువులుంటే వాళ్ల ఒప్పుదల తీసుకోండి. ఏదైనా పథకం కిందో బీమా కిందో వచ్చినదైతే, అమ్మే హక్కు మీకుందో లేదో కాగితాలు చూడండి.

ఇక రవాణా. అంచనాలన్నీ తప్పేది ఇక్కడే. చాలా కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగిస్తాయి. వచ్చిన అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే ఆ అంకెకే డబ్బు. 110, 65, 100 కొలతలున్న పెట్టెలో 60 కిలోల కుర్చీ పెడితే 143 కిలోలకు కట్టాలి. వీపు భాగం మడిచి ఎత్తు 60కి తెస్తే దాదాపు 86. కాబట్టి మడిచి, కొలిచి, ఆ తర్వాతే రేటు అడగండి. బ్యాటరీ ఏ రకమో దాచకుండా చెప్పండి. లిథియం అయితే వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో ఎంత శక్తి నిలవ ఉంటుందో, అడుగుతారు. వోల్టులను ఆంపియర్ అవర్లతో హెచ్చిస్తే వస్తుంది: 24 వోల్టులు, 20 ఆంపియర్ అవర్లయితే 480. చెప్పకుండా పంపితే ప్రమాదం, పైగా క్లెయిమ్ కొట్టేయడానికి ఆ ఒక్క కారణం చాలు.

మా పెద్దమ్మ కుర్చీ పంపినప్పుడు జాయ్‌స్టిక్‌ను, అంటే కుర్చీని నడిపే చిన్న మీటను, కుర్చీ చేతి పక్కనే వదిలేసి పైన దుప్పటి చుట్టాం. దారిలో విరిగింది. ప్యాకింగ్ ఫొటోలు లేవని బీమా రాలేదు. డబ్బు తిరిగిచ్చేశాం, కానీ కొన్నావిడ కొత్త భాగం వచ్చేదాకా మూడు వారాలు మంచం మీదే ఉన్నారు. ఆ మూడు వారాలను ఏ లెక్కలో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే అడుగుతున్నాను, జాయ్‌స్టిక్ విప్పి స్పాంజ్‌లో చుట్టండి, ప్రతి దశా ఫొటో తీయండి, కొత్త కుర్చీ ధరకు కాకపోయినా అమ్మిన ధరకైనా బీమా చేయండి.

డబ్బు తీసుకునే ముందు వీడియో కాల్‌లో కుర్చీ నడిపి చూపించండి. సీటు వెడల్పు, లోతు, ఎంత బరువు మోస్తుందో చెప్పి ఆయన కొలతలు అడగండి. జాయ్‌స్టిక్ కుడివైపుంటే ఆయనకు కుడిచేయి ఆడుతుందా అనేది కూడా. సరిపడని సీటు మీద గంటల తరబడి కూర్చుంటే ఒంటికి పుండ్లు పడతాయి. కొలత కుదరకపోతే బేరం వదులుకోండి. పాత కుషన్‌కు డబ్బు తీసుకోకండి, కొత్తది ఆయన్నే కొనుక్కోమనండి.

ఆయన మిమ్మల్ని నమ్మాలి, మీరు ఆయన్ని నమ్మాలి. కాబట్టి సరుకు అందాకే డబ్బు విడుదల చేసే మధ్యవర్తి సేవ వాడుకోండి. ఎవరైనా అడిగిన దానికంటే ఎక్కువ పంపి "మిగతాది రవాణా మనిషికి ఇవ్వండి" అంటే అది మోసం, అక్కడితో ఆపేయండి.

బేరం తేలేదాకా నెలకోసారైనా ఛార్జింగ్ పెడుతూ ఉండండి. పంపే రోజు ఛార్జర్, తాళంచెవి, విప్పిన బోల్టులు ఒకే సంచిలో వేసి సీటుకే కట్టేయండి. అవి లేకపోతే కుర్చీ చేరినా ఆయన లేవలేరు.